ఆవలింతకు లేచిన చెయ్యి

లోకనాథం ఎడమ చెయ్యి చచ్చిపోయి నలభై రోజులైంది. ఆ మాట ఆసుపత్రివాళ్ళు అనలేదు, లోకనాథమే అన్నాడు. పక్షవాతం వచ్చిననాడు వేట పడవ డింగీలోంచి నలుగురు మోసుకొచ్చారు. మాట దక్కింది. కాలు ఈడ్చుకుంటూనైనా నాలుగడుగులు వేస్తున్నాడు. ముప్పయ్యేళ్ళు ఇంజను పిడి పట్టిన ఆ ఎడమ చెయ్యి మాత్రం భుజానికి తగిలించిన తడిగుడ్డలా వేలాడుతోంది.

వ్యాయామాలు చేయించే దీపిక వారానికి రెండుసార్లు రంగత్ నుంచి స్కూటీ మీద రేవులోని వాళ్ళింటికి వస్తుంది. టీచరుగారి పిల్ల, ఈ దీవుల్లోనే గరాచర్మలో పుట్టి పెరిగింది, మాటల్లో హిందీ దొర్లుతుంది. "రోజూ పొద్దున, సాయంత్రం చెయ్యాలి అంకుల్. ఇప్పుడు వదిలేస్తే కీళ్ళు బిగుసుకుపోతాయి. తర్వాత నేనే కాదు, ఎవరూ ఏమీ చెయ్యలేరు, సమజ్ గయే నా?" అని మొదటిరోజే చెప్పింది. లోకనాథం నాలుగు రోజులు చేసి మానేశాడు.

"సచ్చిన సేపని నీల్లలో ఆడిస్తే ఈదుద్దేటి దీదీ?" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

అతని పెళ్ళాం ఎరుకమ్మ రంగత్ బజార్లో చేపలమ్మి మధ్యాహ్నానికి ఇల్లు చేరుతుంది. ఆ నలభయ్యోనాడు ఆమె వచ్చేసరికి లోకనాథం అరుగు మీద కుర్చీలో కునుకుతున్నాడు. ఆమె గంప దించుతుండగా నిద్రలోంచి తేలి, దవడలు పటపటమనేలా ఒక పెద్ద ఆవలింత తీశాడు. ఆ వాడలో ఎవరు ఆవలించినా పక్కవాళ్ళు చిటికెలు వేస్తారు. ఎరుకమ్మ కూడా చూడకుండానే చెయ్యి చాపి రెండు చిటికెలు వేసింది. మూడోది వేళ్ళ మధ్యే ఆగిపోయింది.

లోకనాథం ఎడమ చెయ్యి గాల్లో ఉంది. మోచెయ్యి మడిచి, రొమ్ముదాకా లేచి, వేళ్ళు విచ్చుకుని ఉంది. ఆవలింత అయిపోగానే మెల్లగా దిగి ఒళ్ళో పడింది.

"మావా! సెయ్యి లేచినాది!"

"ఏ సెయ్యే?"

"ఎడం సెయ్యే! నా కళ్ళారా సూసినాను. ఏదీ, మల్లీ ఎత్తు."

ఆవలించేటప్పుడు కళ్ళు మూసుకుపోయాయి గనక అతను ఏమీ చూడలేదు. మెడ నరాలు ఉబ్బేదాకా ప్రయత్నించాడు. చిటికెన వేలైనా కదల్లేదు. నోరు బార్లా తెరిచి ఆవలించినట్టు నటించాడు కూడా. చెయ్యి పడుకున్నచోటే పడుకుంది.

ఎరుకమ్మ ముఖం మారిపోయింది. "నలబై రోజుల్నుండి నీల్లు పోస్తన్నాను, సొక్కా తొడుగుతన్నాను. ఇదంతా నాటకమేటయ్యా?"

"ఒట్టే. నాకు తెల్దు."

"నీకు తెల్కుండా నీ సెయ్యెలా లేస్తాది? పక్కింటోడొచ్చి లేపినాడా?"

పక్షవాతం వచ్చినప్పుడు కూడా లోకనాథానికి ఏడుపు రాలేదు. ఇప్పుడు వచ్చింది.

సాయంత్రానికి సంగతి అతని డింగీ భాగస్తుడు రాముడి చెవిన పడింది. రాముడు ఎగతాళి మనిషే గాని ఆలోచన ఉన్నవాడు. "ఎందుకే అక్కా కొట్టుకుంటారు? నిజం ఆవలింత కావాల, అంతే కదా. మన డింగీలో రూలేటి? ఆవలింతొస్తే మొకం సముద్రం వైపు తిప్పుకోవాల. ఎందుకు? ఒకడు తీస్తే పడవంతా తీస్తాది గనక. రేపు పొద్దున్నే వేట నుండి మావందరం ఇక్కడికే వస్తాం. బావకెదురుగా కూకుంటాం."

అన్నట్టే, రాత్రంతా గేలాలు వేసి వచ్చిన ఐదుగురు తెల్లారి ఉప్పు ముఖాలతో అరుగు ముందు బారుగా కూర్చున్నారు. వాళ్ళకి నటన అక్కర్లేదు. మొదట చివరివాడు తీశాడు, తర్వాత పక్కవాడు. అది వరస తప్పకుండా నడుచుకుంటూ లోకనాథం దాకా వచ్చింది. అతను పళ్ళు బిగించి ఆపుకోవాలని చూశాడు. దవడ దానంతటదే తెరుచుకుంది.

"ఆగయా! లేస్తంది, లేస్తంది!" రాముడు ఫోన్లో పట్టేశాడు. మిగిలినవాళ్ళు చిటికెలు వెయ్యబోయి, ఆవలింతలు ముంచుకొచ్చి సగంలో వదిలేశారు.

లోకనాథం ఆ ఫోను కుడిచేత్తో ముఖానికి దగ్గరగా పట్టుకున్నాడు. తన చెయ్యే. తొందరలేదు, వణుకులేదు, గాలికి కొంగ రెక్క విప్పినట్టు లేచింది. ముప్పయ్యేళ్ళు తను ఆజ్ఞలు వేసి ఆడించినప్పుడు కూడా అంత అందంగా ఎప్పుడూ లేచి ఉండదనిపించింది. నాలుగుసార్లు చూశాడు. ఎరుకమ్మ అతని భుజం మీదుగా చూసి లోపలికెళ్ళి, అందరికంటే ముందు అతనికి టీ తెచ్చిపెట్టింది.

అప్పుడే దీపిక స్కూటీ ఆగింది. "ఏంటి అంకుల్, పంచాయితీ పెట్టారా?" అంటూ దిగి, ఆ వరస చూసి, అడగబోయిన రెండో మాట పూర్తికాకుండానే తనూ ఆవలించింది. రేవంతా ఘొల్లున నవ్వింది.

"చూశారా, నా నోరు కూడా నా మాట వినలేదు," అంది సిగ్గుపడుతూ. వీడియో చూశాక మాత్రం ఆమె నవ్వు ఆగిపోయింది. ఇలాంటిది పుస్తకంలో చదివింది గాని కళ్ళతో చూడటం అదే మొదలు.

"ఇంక వ్యాయామాలెందుకు దీదీ? అదే లేస్తంది కదా," అన్నాడు లోకనాథం. ముఖం వెలిగిపోతోంది. "ఆవులించుకుంటా కూకుంటాను."

"అక్కడే పొరపాటు అంకుల్. అది మీ మాట విని లేవట్లేదు." దీపిక అతని నుదుటి మీద వేలు పెట్టింది. "చెయ్యెత్తమని మీరిచ్చే ఆర్డరు ఇక్కణ్ణుంచి కిందికి వెళ్ళాలి. ఆ దారి తెగింది. వానకి ట్రంకు రోడ్డు కొట్టుకుపోయినట్టు." వేలు మెడ వెనక్కి జరిపింది. "ఆవలింత, ఊపిరి, దగ్గు ఇక్కడి పని. పుట్టిన రోజునుంచీ ఉన్న పాత దారి ఇది. మన ఆర్డర్లతో దీనికి పనిలేదు. బస్సు రాకపోతే డింగీ వేసుకొచ్చినట్టు, ఆవలింత ఆ దారిన చేతిదాకా వచ్చింది."

లోకనాథం ఒళ్ళో ఉన్న చేతిని చూసుకున్నాడు. తను గోడవైపు తిరిగి పడుకున్న ఈ నలభై రోజులూ ఊపిరి తీసిందెవరు? రెప్ప వేసిందెవరు? మెతుకు అడ్డం పడితే దగ్గించి కక్కించిందెవరు? యజమాని అలిగి పడుకున్నా ఇంటిపని ఆపని మనిషెవరో లోపల ఉన్నారు.

"అయితే దీదీ, అది సావలేదా?"

"చేతికేం కాలేదు అంకుల్. పూరా జిందా. తెగింది దారే. రోజూ నడిస్తే కొంత దారి పడొచ్చు. ఎంతవరకో నేను చెప్పలేను. ఆవలింతలతో మాత్రం పడదు."

లోకనాథం కుడిచేత్తో ఎడమ చేతిని ఎత్తి, పసిపిల్లని పడుకోబెట్టినట్టు జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు.

"రా దీదీ. మొదలెట్టు."

ఆరోజు నుంచి ఎరుకమ్మ మధ్యాహ్నం కునుకు మానేసింది. ఎదురుగా కూర్చుని అతని మణికట్టు పట్టుకుని బల్ల మీద ముందుకీ వెనక్కీ జరిపేది. "తోయి మావా. నువ్వు తోయి. నాను తోస్తే నాకొస్తాది బలం," అని కసిరేది. కొన్ని రోజులు అతను విసుక్కుని బల్లని తన్నాడు. ఒకనాడు బూతులు కూడా తిట్టాడు. ఆమె అవి తిప్పికొట్టి, మణికట్టు వదల్లేదు.

ఆవలింతకి చెయ్యి లేవడం చూడటానికి రేవులో జనం ఇంకొన్నాళ్ళు వచ్చారు. గంగమ్మ మహిమ అన్నవాళ్ళూ ఉన్నారు. తర్వాత కొత్త పోగానే రావడం మానేశారు.

ఐదోవారంలో ఒక మధ్యాహ్నం, ఎరుకమ్మ చెయ్యి జరపడం ఆపి చెంగుతో ముఖం తుడుచుకుంటుండగా, లోకనాథం తన బొటనవేలి వైపు చూస్తూ లోలోపల గట్టిగా ఒకమాట అనుకున్నాడు. బొటనవేలు బియ్యపుగింజంత పక్కకి జరిగింది.

"నువ్వు కదిపినావా?" అంది ఎరుకమ్మ గొంతు తగ్గించి.

"నానే."

"మల్లీ."

ఆమె రెండు చేతులూ బల్లమీంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. రెండోసారి ఏమీ జరగలేదు. ఊపిరి పీల్చుకుని మళ్ళీ అనుకున్నాడు. మూడోసారి కదిలింది.