ఊ కొట్టిన మిషను

పాత ఎంబ్రాయిడరీ మిషనును కంప్యూటరు సీరియల్ పోర్టుకు కలిపి, కోడలు తను రాసిన కోడుతో పువ్వు నమూనా పంపింది. రెండు రేకులు కుట్టి ఆ మొండిఘటం మొరాయించింది. మళ్ళీ పంపినా అదే తంతు.

పక్కగదిలో మనవరాలికి కథ చెబుతున్న అత్తగారు ఆగారు. "ఊ కొట్టవేమే? నువ్వు ఊ అంటేనే రాజు అడవి దాటేది!"

కోడలు ఉలిక్కిపడింది. తనేమో మిషనుకు ఊ అనే సందు కూడా ఇవ్వకుండా చెప్పుకుపోతోంది! ఒక్కో వరుస పంపి, అది 'అందింది' అని బదులిచ్చేదాకా ఆగేలా కోడు మార్చింది. సూది కదిలింది. వరుస వరుసకీ తెరమీద జవాబు రాసాగింది.

రేకులు విచ్చుకోవడం, తెరమీద 'అందింది', 'అందింది' అని పడుతుండడం చూసి అత్తగారు గుమ్మంలోనే నిలబడిపోయారు.

"నీ కూతురు నిద్రపోయిందమ్మాయ్," అన్నారు గొంతు తగ్గించి. "ఇది మాత్రం ఇంకా ఊ కొడుతూనే ఉంది!"