సిలువ తుడిచే తువ్వాలు

నేను ఒక తువ్వాలును. తెల్ల నూలుదాన్ని, అంచున సన్నటి ఎర్రగీత. ఆ గీత ఎక్కడుందో ఇప్పుడు వెతుక్కోవాలి. ఉతికి ఉతికి నన్ను ఎంత పలచబరిచారంటే, కిటికీకి అడ్డం పట్టుకుంటే అవతల వేపచెట్టు కనిపిస్తుంది. అయినా నా ఉద్యోగం మాత్రం పోలేదు. ఏడాదికి రెండు రోజులే పని. మిగతా రోజులన్నీ గుడి వెనక గదిలో, చెక్కపెట్టెలో, కలరా ఉండల మధ్య సెలవు. ఇంత హాయి కొలువు ఏ సర్కారులోనూ దొరకదు.

పుట్టింది చీరాలలో ఒక మగ్గం మీద. నన్ను నేసినాయన ధ్యాసంతా పక్కింటివాళ్లతో నడుస్తున్న గోడ తగాదా మీదే ఉండేది. పోగుకొక తిట్టు చొప్పున నేశాడు. ఆ తిట్లన్నీ మోసుకుని నేను నరసరావుపేటలో ఒక బట్టల కొట్టుకి చేరాను, అక్కణ్ణించి పల్నాటిలో ఎర్రవాగుపాలెం అనే పల్లెకి, రాయప్ప చేతిసంచీలో. రాయప్ప ఆ ఊరి కతోలిక గుడికి ఉపదేశి. అంటే ఫాదర్‌గారు లేని రోజు ప్రార్థన చెప్పించేదీ, గంట కొట్టేదీ, పిల్లలకి జపాలు నేర్పేదీ, తాళాలగుత్తి మొలకి కట్టుకు తిరిగేదీ ఆయనే.

నా మొదటి పని పెద్ద గురువారం నాడు. యేసు తన శిష్యుల కాళ్లు కడిగాడు కదా, దానికి గుర్తుగా ఆ సాయంత్రం ఫాదర్‌గారు పన్నెండుమంది మగవాళ్ల కాళ్లు కడిగి నాతో తుడుస్తారు. మిరపచేలల్లో తిరిగే కాళ్లు, పగుళ్లూ మట్టీ ఉంటాయని భయపడుతూ సిద్ధమయ్యాను. తీరా చూస్తే పన్నెండుమందీ ఇంటి దగ్గరే సబ్బుతో రుద్దుకుని, ఒకరిద్దరు పౌడరు కూడా అద్దుకుని వచ్చారు. కడిగించుకోవడానికి కాళ్లు కడుక్కుని రావడం మనుషులకే చెల్లింది. నాకు అంటింది పౌడరే.

మర్నాడు శుక్రవారం, యేసును సిలువ వేసిన రోజు. ఆ రోజు గుడిలో గంట మోగదు, చెక్క చిడతలే. ఈస్టరుకి ముందు వచ్చే తపస్సు కాలమంతా ఊదారంగు గుడ్డ కప్పి ఉంచిన సిలువను మధ్యాహ్నం బయటికి తెస్తారు. చెక్క సిలువ, దాని మీద ఇత్తడి క్రీస్తు. ఇద్దరు పెద్దలు దాన్ని పట్టుకుని నిలబడతారు. జనం చెప్పులు లేకుండా వరుసలో వచ్చి, మోకాళ్లూని, మేకు దిగిన పాదాలను ముద్దుపెట్టుకుంటారు. ఒక్కొక్కరు లేవగానే రాయప్ప నాతో ఆ పాదాలు తుడిచి, నన్ను కొంచెం జరిపి కొత్త మడత పైకి తెస్తాడు. అదీ నా అసలు ఉద్యోగం. తుడవడంలో నాకు సాటి లేదని చాలాకాలం మురిసిపోయాను.

నాకు ఒకటే ఆశ్చర్యం. మనిషిని చంపడానికి వాడిన కొయ్యను మనుషులు ఎందుకు ముద్దుపెట్టుకుంటారు? ఉరికొయ్యకి దండ వేసినవాళ్లను నేనెక్కడా వినలేదు. చంపిన కత్తిని దాచిపెడతారు గాని కళ్లకద్దుకోరు. ఇందులో ఏదో ఉంది, నేను తెలుసుకోవాలి అనుకున్నాను. గుడ్డకి చెవులెక్కువ, చెట్టుకి మల్లే ఎక్కడికీ పోలేదు కాబట్టి వినడమే దాని పని.

విన్నాను. రాయప్ప పిల్లలకి చెప్పేవాడు, నిలువు కొయ్య దేవుడికీ మనిషికీ మధ్య, అడ్డ కొయ్య మనిషికీ మనిషికీ మధ్య అని. పిల్లలు ఎక్కం అప్పజెప్పినట్టు అప్పజెప్పేవాళ్లు. బాగానే ఉంది గాని, వరుసలో వచ్చే పెదవుల్లో నాకు ఆ లెక్క కనబడలేదు. ఒక ముసలాయన నోట ఆకువక్క వాసనతో పాటు మోకాలినొప్పి మొర ఉండేది. ఇంటర్ చదివే పిల్ల ఫిజిక్స్ గట్టెక్కించమని అడిగేది. మిరపరైతు గుంటూరు యార్డులో ధర పలకాలని గట్టిగా ముద్దుపెట్టేవాడు, ఇత్తడి అదిరేలా. ఇక వరుసలో ముందు నిలబడేది ఎప్పుడూ ఫలానా పెద్దింటివాళ్లే. సిలువ ముందు అందరూ సమానమేనని ప్రసంగంలో విని తల ఊపేదీ వాళ్లే. ఆ తల ఊపడం అయ్యాక లేచి ముందుకొచ్చి నిలబడేవాళ్లు. నేనేమంటాను? తుడిచాను.

నన్ను ఉతికే పని ఇద్దరాడవాళ్లది. ఇన్నాసమ్మ, ఆరోగ్యమ్మ. చుట్టరికం లేదు గాని ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవాళ్లు. గుడిబట్టలన్నీ బోరింగు దగ్గరికి తెచ్చి, చేతులు ఆడినంతసేపూ నోళ్లూ ఆడించేవాళ్లు. వాళ్ల కొడుకులు కూడా అంతే, ఒక కంచంలో తిన్నవాళ్లు. ఇన్నాసమ్మ కొడుకు బాలశౌరి, ఆరోగ్యమ్మ కొడుకు జోజి.

ఒక ఏడు మిరపకాయల టిక్కీ బస్తాలు యార్డుకి తీసుకెళ్తూ జోజి ట్రాక్టరు నడుపుతున్నాడు. బాలశౌరి పక్కన మడ్‌గార్డు మీద కూర్చున్నాడు. అందరూ కూర్చునేదే. కాలవకట్ట మీద జోజి ఫోను చెవిన పెట్టుకుని ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతుండగా ముందు చక్రం గుంతలో పడింది. బండి ఎగిరింది. బాలశౌరి చక్రం కింద పడి అక్కడికక్కడే పోయాడు.

తర్వాత పోలీసులు, కేసు, పెద్దమనుషులు. జోజి ఊళ్లో ఉండలేక హైదరాబాదు వెళ్లి అపార్టుమెంట్లకి రంగులు వేసే పనిలో చేరాడు. ఆరోగ్యమ్మ వెళ్లి ఇన్నాసమ్మ గడపలో పడి కాళ్లు పట్టుకోబోతే, ఆవిడ తలుపు వేసేసింది. ఎవరు తప్పు పడతారు?

ఆ తర్వాత వచ్చిన శుక్రవారం నాకు బాగా గుర్తు. ఆరోగ్యమ్మ వరుసలో వచ్చి సిలువను ముద్దుపెట్టుకుంది. వెనకాల కొద్ది దూరంలో ఉన్న ఇన్నాసమ్మ వరుసలోంచి పక్కకి వచ్చేసింది.

"ఆయమ్మ మూతి పెట్టినచోట నేను మూతి పెట్టను ఫాదర్‌గారూ" అంది, గుడి అంతా వినేలా.

"ఎవరికి వాళ్లకి తుడుస్తున్నాం కదమ్మా" అన్నారు ఫాదర్‌గారు నా వైపు చూపించి. నేను కాస్త గర్వంగా ఉన్నాను కూడా.

"గుడ్డతో పొయ్యేదేనా అది?" అంది ఇన్నాసమ్మ.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆరోగ్యమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్లిపోయింది. మరుసటి ఏడు నుంచి ఆమె వరుసకి అట్టచివర నిలబడడం మొదలుపెట్టింది. ముసలివాళ్లూ, పసిపిల్లల తల్లులూ అందరూ అయిపోయాక, తన తర్వాత ఎవరూ లేరని చూసుకుని ముందుకొచ్చేది. ఇన్నాసమ్మ మొదట్లోనే వచ్చి, ముద్దుపెట్టుకుని, వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికి పోయేది. గుడిబట్టలు ఉతకడం కూడా ఇన్నాసమ్మ ఒక్కతే చేసేది. ఊరు ఈ ఏర్పాటుకి అలవాటుపడింది. ఊళ్లు దేనికైనా అలవాటుపడతాయి.

నేను మాత్రం ఒకటి గమనించాను. ఆరోగ్యమ్మ పెదవి తగిలిన జాడ నాకు అందడం మానేసింది. ఆమె లేచాక ఆ ఇత్తడి పాదాలు తుడిస్తే అంతా నీళ్లే. ఎందుకో అర్థమయ్యేది కాదు.

అలా కొన్నేళ్లు గడిచాక, ఒక శుక్రవారం, ఎప్పటిలా మర్నాటిదాకా ఆగకుండా, పూజ ముగియగానే రాయప్ప నన్ను ఉతకడానికి వచ్చిన ఇన్నాసమ్మ చేతికిచ్చాడు. శనివారం రాత్రి ఈస్టరు పండగ పూజకి గుడిబట్టలన్నీ ఉతికి ఆరాలి. ఆవిడ బోరింగు దగ్గర నన్ను విప్పింది. మడతలన్నీ పొడిపొడిగా ఉన్నాయి, ఆకువక్క మరకా, పౌడరూ. ఆఖరి మడత మాత్రం పిండితే కారేలా ఉంది.

"ఇదేంది ఉపదేశిగారూ, నీళ్లలో గాని పడేశారా?" అంది.

రాయప్ప తాళాలగుత్తి సవరించుకున్నాడు. చెప్పాలా వద్దా అని ఆలోచించినట్టున్నాడు. "ఆఖర్న వచ్చేది ఆరోగ్యమ్మ కదమ్మా. ఆయమ్మ ముద్దుపెట్టదు. పాదాల మీద నొసలు పెట్టి ఏడుస్తది. నేనొకసారి అడిగితే, 'నేను మూతి పెడితే మళ్లీ ఏడు మా వదినకి సిలువ లేకుండా పోద్ది ఉపదేశిగారూ' అంది."

ఇన్నాసమ్మ ముఖం మాడ్చుకుంది. "ఏడవనీయండి. ఆమె ఏడిస్తే నా పిల్లోడు లేచొస్తాడా?" అని నన్ను రాయి మీద బాదడం మొదలుపెట్టింది. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు, ఆ రోజు నేను తిన్న దెబ్బలు ఇంతా అంతా కాదు. నా అంచు చిరిగింది అప్పుడే. బాది బాది, ఆయాసం వచ్చి ఆగి, ఆ మడతనే రెండు చేతుల్లో పట్టుకుని రాయి మీద చాలాసేపు కూర్చుంది. నాకు ఆవిడ మీద కోపం రాలేదు. జాలేసింది.

ఆ ఏడాదంతా నేను పెట్టెలో ఉన్నాను. ఆవిడ లోపల ఏం జరిగిందో నాకు తెలియదు. తెలిసినట్టు చెప్తే అబద్ధమవుతుంది.

మళ్లీ శుక్రవారం వచ్చింది. పెద్దింటివాళ్లు మామూలుగానే ముందు వచ్చారు. రైతు వచ్చాడు, ఫిజిక్స్ పిల్ల ఇప్పుడు చంకలో బిడ్డతో వచ్చింది. ఇన్నాసమ్మ రాలేదు. అలిగి ఇంటి దగ్గర ఉండిపోయిందేమో అనుకున్నాను. వరుస తరిగింది. చివరికి ఆరోగ్యమ్మ వెనక్కి కూడా చూసుకోకుండా, అలవాటు ప్రకారం వచ్చి మోకాళ్లూని, పాదాల మీద నొసలు ఆనించింది. భుజాలు కదులుతున్నాయి. అప్పుడు ఆమె వెనక ఎవరో వచ్చి నిలబడ్డారు.

"ముద్దుపెట్టు వదినా" అంది ఇన్నాసమ్మ.

ఆరోగ్యమ్మ ఉలిక్కిపడి తల తిప్పింది. దొంగతనం చేస్తూ పట్టుబడిన మనిషి చూసినట్టు చూసింది. లేచి పక్కకి తప్పుకోబోతే, ఇన్నాసమ్మ భుజం మీద చెయ్యివేసి అక్కడే ఆపింది.

"పెట్టు. నేను చూస్తన్నా."

ఆరోగ్యమ్మ వంగి ముద్దుపెట్టుకుంది. కన్నీళ్లూ, పెదవులూ అన్నీ ఆ ఇత్తడి మీదే. ఆమె లేవగానే రాయప్ప అలవాటుగా నన్ను ముందుకి తెచ్చాడు. నేనూ సిద్ధంగా ఉన్నాను, కొత్త మడత పైకి ఉంది.

"తుడవమాకండి" అంది ఇన్నాసమ్మ.

రాయప్ప చెయ్యి గాలిలో ఆగిపోయింది. ఇన్నాసమ్మ మోకాళ్లూని, తడి ఎక్కడుందో సరిగ్గా అక్కడే పెదవులు ఆనించింది. అంతవరకూ రాని ఏడుపు అప్పుడొచ్చింది. "నాయనా బాలశౌరీ" అని ఒక్క కేక వేసింది. సిలువ పట్టుకున్న పెద్దమనుషులిద్దరికీ ఎటు చూడాలో తెలియలేదు.

నాకు సిగ్గుగానూ, సంతోషంగానూ ఉంది. అన్నేళ్లూ ఆ సిలువను శుభ్రంగా ఉంచడమే నా గొప్ప అనుకున్నాను. అసలు అది శుభ్రంగా ఉండడానికి నిలబడ్డ కొయ్యేనా? ఒకరి తప్పూ ఒకరి కడుపుకోతా వచ్చి ఒకేచోట పడడానికి చోటిచ్చిన కొయ్య కదా. మధ్యలో నా తుడుపేమిటి? ఇంతకన్నా పెద్ద అర్థం ఉంటే ఫాదర్‌గార్లు చెప్పగలరు, నాకు తెలిసింది ఇది.

ఇద్దరూ గుమ్మం దాకా కలిసి నడిచారు. రాయప్ప నన్ను భుజాన వేసుకుని తలుపులు మూయడానికి వెనకే వెళ్లాడు. ఎండ ఇంకా చల్లబడలేదు. మెట్ల దగ్గర ఇన్నాసమ్మ ఆగింది.

"మీవోడు పండక్కి వస్తండా?"

ఆరోగ్యమ్మ తల అడ్డంగా ఊపింది. "రాడు వదినా. నీ మొహం చూడలేనంటాడు."

ఇన్నాసమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"రమ్మను. పండగ తెల్లారుజామున అందరూ సమాధులకి దీపాలు పెడతారు. మా బాలశౌరి సమాధికి సున్నం వెయ్యాల. నేనొక్కదాన్నే ఏస్తన్నా ఇన్నేళ్లూ, పైదాకా చెయ్యి అందటల్లా. మీవోడికి రంగులెయ్యటం వచ్చుగా."

ఆరోగ్యమ్మ ఆ మెట్ల మీదే కూలబడి, కొడుక్కి ఫోను కలపడం మొదలుపెట్టింది.