ఇద్దరూ మెచ్చిన ఇల్లు

ఉత్తరాన మంచుకొండల మధ్య ఉన్న మా ఊరు సన్నెమోలో పిల్లలు తగ్గిపోతున్నారు. బయటినుంచి కుటుంబాలను పిలుచుకొచ్చి, వాళ్లకు ఇల్లు, పని, పిల్లలకు స్కూలు చూసిపెట్టడం మునిసిపాలిటీలో నా ఉద్యోగం. పంతొమ్మిదేళ్లుగా అదే చేస్తున్నాను. నవంబరు వచ్చిందంటే నెదర్లాండ్స్ వెళ్లి, వలస పోవాలనుకునేవాళ్ల కోసం అక్కడ జరిగే మేళాలో ఒక బల్ల వేసుకుని కూర్చుంటాను. గోధుమరంగు చీజు ముక్కలు కోసి పెడతాను. వెనక గోడకు మా ఊరి ఫొటోలు అంటిస్తాను. చాలామంది చీజు తిని, ఫొటోలు చూసి, చలి ఎంత ఉంటుందని అడిగి వెళ్లిపోతారు.

వీట్సె, జిల్దౌ దంపతులు అలా వెళ్లిపోలేదు. అతను వడ్రంగి, ఆమె వృద్ధాశ్రమంలో నర్సు. ఇద్దరికీ ముప్ఫై దాటి రెండు మూడేళ్లు ఉంటాయి. చంటి కొడుకును ఎత్తుకుని జిల్దౌ ఒక ఫొటో ముందు నిలబడిపోయింది. కొండవాలున ఎర్రచెక్క ఇల్లు, పక్కన గొర్రెల కొట్టం, కింద గడ్డకట్టిన సరస్సు. అది హాల్వోర్ అనే ముసలాయనది. చూస్తూ చూస్తూ ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. వీట్సె ఆమెను చూశాడు, ఫొటోను చూశాడు, ఆ ఫొటో తమకిస్తారా అని నన్నడిగాడు. ఇచ్చేశాను.

ఆ తర్వాత ఏడాదికి పైగా ఉత్తరాలు నడిచాయి. ఫొటో వాళ్ల ఫ్రిజ్ మీద ఉంది. వారానికి రెండు సాయంత్రాలు ఇద్దరూ మా భాష నేర్చుకుంటున్నారు. పదిహేను నెలలు గడిచాక, ఫిబ్రవరిలో ఒక మంగళవారం, ఆరేళ్ల నీన్కెను, రెండేళ్ల బౌకెను వెంటబెట్టుకుని వచ్చారు. శుక్రవారం పొద్దున పదకొండింటికి హాల్వోర్‌తో రెండేళ్ల ఒప్పందం మీద సంతకం పెట్టాలి. ఆగస్టులో వచ్చి దిగాలి.

ఆ ఇల్లు నిండడం నాకూ కావాలి. అది ఊరికి పద్నాలుగు కిలోమీటర్ల ఎగువన, లోయ చివర ఉంది. ఆ లోయలో ఒక చిన్న స్కూలుంది. మా చెల్లెలు ఓషిల్ అందులో ఇరవై రెండేళ్లుగా టీచరు. పిల్లలు తొమ్మిదిమంది మిగిలారు. పదికి తక్కువైతే మూసేస్తామని కౌన్సిలు తేల్చి చెప్పింది. నీన్కె వస్తే పదిమంది అవుతారు. ఓషిల్ అప్పుడే ఆ పిల్ల పేరు రాసి, కోటు తగిలించుకునే కొక్కెం మీద అంటించేసింది.

బుధవారం ఇల్లు చూడ్డానికి బయల్దేరాం. నేను ముందు, వాళ్లు అద్దెకారులో నా వెనక. చలి సున్నాకు పద్దెనిమిది డిగ్రీలు కింద. చివరి మలుపు ఎక్కుతూ అద్దంలో చూస్తే వెనక కారు లేదు. ఆపి దిగి చూద్దును కదా, పక్కనున్న కందకంలో సగానికి ఒరిగి ఉంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. హాల్వోర్ ట్రాక్టరు వేడెక్కి, కిందికి వచ్చి, కారును లాగేసరికి గంట పట్టింది. ఆ గంటా జిల్దౌ పిల్లలిద్దరినీ ఒళ్లోకి లాక్కుని పాటలు పాడింది. వీట్సె పారతో మంచు తోడుతూ నవ్వుతూనే ఉన్నాడు.

ఇంట్లో హాల్వోర్ కాఫీ పెట్టి ఇచ్చాడు. డెబ్భై ఆరేళ్ల మనిషి, మోకాళ్లు పోయాయి, ఊళ్లో కూతురి దగ్గరకు మారాలనుకుంటున్నాడు. వీట్సె దూలాలు తట్టి చూసి ఇలాంటి చెక్క ఇప్పుడు దొరకదన్నాడు. జిల్దౌ కిటికీలోంచి సరస్సు చూసి ఎంత ప్రశాంతంగా ఉందో అంది. అతను ఒకటి మెచ్చుకుంటే ఆమె రెండు మెచ్చుకుంది. బౌకెను దింపాల్సిన శిశువిహారం ఊళ్లో ఉంది, ఏడింటికి తెరుస్తారు, ఊళ్లోని వృద్ధాశ్రమంలో జిల్దౌ డ్యూటీ ఏడుంబావుకు, నీన్కె బస్సు ఎక్కాలంటే కొండ దిగి నడవాలి. ఇవన్నీ నేను ఒకటికి రెండుసార్లు చెప్పాను. ఫర్వాలేదు, అలవాటవుతుందని ఇద్దరూ ఒకేసారి అన్నారు.

సాయంత్రం ఊళ్లో లైబ్రరీ వెనక వరస ఇళ్లలో ఒకదాన్ని చూపించాను. పసుప్పచ్చ రంగు, కింద రెండు గదులు, మీద మూడు, చెప్పుకోదగ్గ అందం ఏమీ లేదు. ఒకటికి రెండు చూపించాలన్న నియమం కోసం చూపించానంతే. పక్కింటి పిల్లలు మంచుగుట్ట మీంచి జారుతుంటే నీన్కె, బౌకె వెళ్లి వాళ్లలో కలిసిపోయారు. పెద్దవాళ్లు లోపల అయిదు నిమిషాలు తిరిగి, బాగుందని మర్యాదకు అనేసి బయటికొచ్చారు.

గురువారం పొద్దున జిల్దౌను ఆమె పని చేయబోయే వృద్ధాశ్రమానికి తీసుకెళ్లాను. పని చూసుకుంది, అందరితో మాట్లాడింది. తిరిగి వచ్చేముందు బట్టలు మార్చుకునే గదిలో బెంచీ మీద కూర్చుని, బూటు సగం తొడుక్కుని ఆగిపోయింది.

"తూరున్, ఒకటి చెప్తాను. మీలోనే ఉంచుకుంటారా?"

ఉంచుకుంటానన్నాను.

"నాకా ఇల్లు వద్దు. నిన్న ఆ కారులో కూర్చున్నప్పట్నించీ ఒకటే ఆలోచన. వీట్సె లేని రోజు బౌకెకి జ్వరం వస్తే ఏం చెయ్యను? ఎవర్ని పిలవను?"

మరి అతనితో చెప్పలేదేమని అడిగాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఎలా చెప్పను? ఏడాదిగా పని నించి వచ్చి, స్నానమైనా చెయ్యకుండా క్లాసుకి పరిగెత్తాడు ఆ ఇంటి కోసం. అది అతని కల."

నాకు మేళాలో ఆమె కళ్లనీళ్లు గుర్తొచ్చాయి. ఆ ఫొటో చూసి ఏడ్చింది మీరే కదా అన్నాను.

"అప్పుడా? పిల్లాడికి పళ్లొస్తున్నాయి. మూడు రోజులుగా నిద్ర లేదు. కుక్కపిల్ల ఫొటో చూసినా ఏడ్చేదాన్ని. వెనక్కి తిరిగితే వీట్సె మొహం వెలిగిపోతోంది. ఇక నేనేం అనను?"

అతనికి చెప్పొద్దని నాచేత మళ్లీ ఒట్టు వేయించుకుంది. రెండేళ్లే కదా, ఎలాగో గడిపేస్తానంది.

మధ్యాహ్నం వీట్సెను వడ్రంగి దుకాణానికి తీసుకెళ్లాను. యజమాని అతని చేతులు చూసి, వేరే ప్రశ్నలు వేయకుండా ఆగస్టు నుంచి రమ్మన్నాడు. తిరుగుదారిలో పెట్రోలు బంకు దగ్గర ఆపినప్పుడు వీట్సె తనే మొదలుపెట్టాడు.

"మిమ్మల్ని ఒకటి అడగనా? ఆ రోడ్డు ఏడాదికెన్ని నెలలు అలా ఉంటుంది?"

అయిదు నెలలన్నాను. అతను రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

"నిన్న నేను నవ్వుతూనే ఉన్నా గానీ చాలా భయపడ్డానండీ. వెనక సీట్లో పిల్లలు. ఇంకో మీటరు జారితే ఏమయ్యేదో."

ఏం రాబోతోందో నాకు అర్థమవుతూనే ఉంది. బౌకె పుట్టాక జిల్దౌ బాగా కుంగిపోయిందట. నెలల తరబడి నవ్వు లేదట. ఆ ఫొటో ముందే మొదటిసారి ఆమెలో కదలిక చూశాడట. అప్పటినుంచీ ఆ ఇల్లు పేరెత్తితే ఆమె మామూలు మనిషవుతుందని అతని నమ్మకం.

"ఆవిడ కోసం చంద్రమండలానికైనా వెళ్తాను. కాబట్టి ఇదేం పెద్ద విషయం కాదు. ఎవరికో ఒకరికి చెప్పుకోవాలనిపించింది, మీకు చెప్పాను. ఆవిడతో మాత్రం అనకండి."

అననని అతనికీ మాటిచ్చాను.

ఇంటికొచ్చి భోజనం ముందు కూర్చుని లెక్క వేసుకున్నాను. నోరు మూసుకుంటే రేపు సంతకాలైపోతాయి, స్కూలు నిలబడుతుంది, నేనెవరికీ మాట తప్పినదాన్ని కాను. ఇంత సులువైన దారి నా ఉద్యోగంలో ఎప్పుడూ దొరకలేదు. ఉండబట్టలేక చెల్లెలికి ఫోను చేసి అంతా చెప్పాను.

"ఒక్క పిల్ల, అక్కా," అంది. "ఒక్క పిల్ల చాలు మాకు."

వాళ్లిద్దరికీ ఆ ఇల్లు వద్దు కదా అన్నాను.

"వాళ్లకి నోళ్లు లేవా? మొగుడూ పెళ్లాం చెప్పుకోవాల్సింది, మధ్యలో నువ్వెవరివి? మాటిచ్చావుగా, ఊరుకో."

ఆమె అన్నదాంట్లో తప్పేం లేదు. అయినా ఫోను పెట్టేశాక నాకు జిల్దౌ సగం తొడుక్కున్న బూటే కనిపిస్తూ ఉంది. మంచులో ఇరుక్కుపోయిన ఇంట్లో ఇద్దరు మనుషులు, ఒకరి సంతోషం కోసం ఒకరు రెండేళ్లు పళ్లు బిగబట్టి నవ్వుతూ ఉంటారు. మధ్యలో ఇద్దరు పిల్లలు. దానికి నేను సాక్షి సంతకం పెట్టాలి.

శుక్రవారం పదకొండింటికి అందరూ నా ఆఫీసులో ఉన్నారు. హాల్వోర్ పెళ్లిళ్లకు వేసుకునే స్వెట్టరు వేసుకుని వచ్చాడు. కాగితాలు బల్ల మీద పరిచాను. వీట్సె కలం తీసుకుని, ముందు నువ్వు పెట్టమని జిల్దౌకు ఇచ్చాడు. నువ్వే పెట్టమని ఆమె వెనక్కిచ్చింది. ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు నేను భరించలేకపోయాను. లేచి నిలబడి కాగితాలు నా వైపు లాక్కున్నాను.

"మీ ఇద్దరికీ నేను మాటిచ్చాను," అన్నాను. "ఆ మాట తప్పను. నిన్న మీరు నాతో ఏం చెప్పారో అది ఇప్పుడు ఒకరితో ఒకరు చెప్పుకోండి. పిల్లల్ని నేను బయటికి తీసుకెళ్తా."

జిల్దౌ మొహం పాలిపోయింది. వీట్సె నన్ను చూశాడు, ఆమెను చూశాడు.

"ఇద్దరమా?" అన్నాడు మెల్లగా.

నేను పిల్లలకు టోపీలు పెట్టి బయటికి నడిచాను. హాల్వోర్ కూడా కర్ర పట్టుకుని నా వెనకే వచ్చాడు. గుమ్మం దగ్గరున్న మంచు మీద జారే స్లెడ్జి బండి మీద బౌకెను కూర్చోబెట్టి నీన్కె తోసుకుంటూ పోతోంది. ముప్ఫై ఏళ్ల కాపురం చేసినదాన్ని, ఒకరి కాపురంలో వేలు పెట్టానన్న భయం నాకు.

"వద్దంటారు కదా?" అన్నాడు హాల్వోర్.

ఆయనకెలా తెలుసని అడిగాను.

"గంటసేపు కందకంలో పడి, లేచీ లేవగానే ఎంత బాగుందో అన్నారమ్మాయ్. కందకాన్ని మెచ్చుకున్నవాణ్ణి నేను పుట్టాక చూళ్లేదు."

"మరి మొన్ననే ఆ ముక్క అనొచ్చుగా?"

"ఇల్లిచ్చేవాణ్ణి నేను. నేనెందుకంటాను?" అని గడ్డం గోక్కున్నాడు.

పావుగంట దాటింది. లోపలినుంచి కేకలేమీ లేవు. అంతలో తలుపు తీసుకుని జిల్దౌ కోటు కూడా లేకుండా ఆ చలిలోకి వచ్చేసింది. మొహమంతా తడి. నన్ను కొడుతుందేమోననుకున్నాను. రెండు చేతులతో నన్ను కావలించుకుని, నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా ఊగిపోయింది. వెనక వీట్సె గుమ్మానికి చేరగిలబడ్డాడు. దూరం పరిగెత్తి వచ్చినవాడిలా ఊపిరి తీసుకుంటున్నాడు.

"పదిహేను నెలలు," అన్నాడు భార్యతో. "పదిహేను నెలలు ఆ ఫొటో చూస్తూ పాలు తాగాను నేను."

"నేను మాత్రం? రోజూ దాని దుమ్ము తుడిచేదాన్ని."

అతను హాల్వోర్ ముందుకొచ్చి తలవంచుకుని క్షమాపణ అడిగాడు. ముసలాయన చెయ్యి ఊపేసి, ఇంకో ఏడాది గొర్రెలతో ఉంటే తనకు నష్టమేం లేదన్నాడు. అప్పుడు వీట్సె నావైపు తిరిగి, లైబ్రరీ వెనక పసుప్పచ్చ ఇల్లు ఇంకా ఖాళీగా ఉందా అని కొంచెం సిగ్గుపడుతూ అడిగాడు.

ఆ ఇల్లు ఆ మధ్యాహ్నం వాళ్లు మొదటిసారి నిజంగా చూశారు. వంటగది చీకటిగా ఉందని జిల్దౌ పుల్ల విరిచినట్టు చెప్పింది. మెట్లు ఎవడో తాగి చేశాడని వీట్సె అన్నాడు. తర్వాత ఆమె బౌకె చెయ్యి పట్టుకుని గుమ్మం నుంచి శిశువిహారం దాకా నడిచింది. వాడు ప్రతి మంచుగడ్డ దగ్గరా ఆగుతూ నడిస్తే తొమ్మిది నిమిషాలు పట్టింది. తిరిగి వచ్చి తొమ్మిదంటే తొమ్మిది నిమిషాలని భర్తకు రెండుసార్లు చెప్పింది.

ఓషిల్ మూడు వారాలు నాతో మాట్లాడలేదు. ఆ వేసవిలో స్కూలు మూతపడింది. దాన్ని నేను తేలిగ్గా తీసుకోలేదు. ఇప్పుడు ఆ తొమ్మిదిమంది పొద్దున్నే బస్సులో ఊళ్లోకి వస్తారు. వాళ్లతోపాటు ముందు సీట్లో ఓషిల్ వస్తుంది, ఇక్కడి స్కూల్లో పాఠం చెబుతుంది. "నిన్ను క్షమించేశాననుకోకు," అంది ఒకరోజు నా వంటింట్లో వాఫల్ తింటూ. ఇంకొకటి వేసుకుంది. నీన్కె చదువు బాగా అందుకుంటోందని చెప్పింది. హాల్వోర్ ఇంటిని మరుసటి ఏడాది గొర్రెలు పెంచే ఒక జంట తీసుకున్నారు. పిల్లల్లేరు. ఆ రోడ్డంటే వాళ్లకు భయమూ లేదు.

వీట్సె కుటుంబం వచ్చిన ఏడాదే, అక్టోబరులో ఒక ఆదివారం వాళ్లు నన్ను కాఫీకి పిలిచారు. తలుపు దగ్గరికి చేరేసరికే లోపల గొడవ వినిపించింది. వంటింటి గోడకు తెలుపు కావాలని ఆమె, ఆకుపచ్చ తప్ప ఒప్పుకోనని అతను. నీకేం తెలుసని ఒకరు, నీకసలు కళ్లున్నాయా అని ఒకరు. నన్ను చూసి కూడా ఆపలేదు. నేను కోటు విప్పి, బౌకెను ఒళ్లో కూర్చోబెట్టుకుని, నాకు నేనే కాఫీ పోసుకుని వింటూ కూర్చున్నాను. ఇద్దరూ తమకేం కావాలో గట్టిగా, ఎదుటివాళ్ల మొహం మీదే చెప్పుకుంటున్నారు. ఎన్నాళ్లకో నా ప్రాణం కుదుటపడింది.