టైలరమ్మ చెప్పుకున్న మాట

ఎమర్జెన్సీ వార్డులో పెద్ద సిస్టరుకు టీవీలో వచ్చే ఆస్పత్రి సీరియళ్లంటే నవ్వు. ఆక్సిజన్ మాస్కు తలకిందులుగా పెట్టేవాళ్లు. గుండె పూర్తిగా ఆగిపోయి, తెర మీద గీత సాపుగా పోతుంటే కరెంటు షాక్ ఇచ్చేవాళ్లు. "చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, గీత సాపయ్యాక షాకేమిటర్రా" అని తోటి నర్సులతో అనేది. ఆ మాట ఎలా చేరిందోగాని, అలాంటి సీరియల్ రాసే రచయిత ఒకాయన ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు. తప్పులు దిద్దిపెట్టమని అడిగాడు. ఇరవై ఏడేళ్ల ఉద్యోగంలో తన పని గురించి ఇంత మర్యాదగా అడిగినవాళ్లు లేరు. ఒప్పుకుంది.

సెలవు రోజుల్లో సెట్టుకు వెళ్లి, నటి చేతులు పట్టుకుని ఛాతీ మీద ఎక్కడ నొక్కాలో నేర్పింది. సెలైన్ ఎంత ఎత్తులో కట్టాలో చూపించింది. ఒక మధ్యాహ్నం రచయిత కలం మూసి అన్నాడు.

"అన్నీ సరిగ్గానే కుదిరాయి మేడమ్. కానీ ప్రాణం లేదు. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లు నిజంగా ఏం మాట్లాడతారు?"

అప్పుడు ఆమె టైలరమ్మ సంగతి చెప్పింది.

రెండేళ్ల కిందటి మాట. స్కూలు యూనిఫాంలు కుట్టే ఒకావిడ భర్తను ఆటోలో తెచ్చింది. మనిషి దక్కలేదు. ఆవిడ సిస్టరు చెయ్యి పట్టుకుని, ఎవరూ వినకుండా చెప్పుకుంది. గొడవ పడ్డప్పుడల్లా గుండె పట్టుకోవడం ఆయనకు అలవాటట. ఆ రోజూ పట్టుకున్నాడట. "మళ్లీ మొదలెట్టావా నీ నాటకం" అని వీపు తిప్పుకుని నలభై నిమిషాలు మిషన్ తొక్కుతూ కూర్చుందట. ఆయన పిలిచినట్టు అనిపించినా వినపడనట్టే ఉందట.

"ముందే తెస్తే బతికేవాడా?" అని అడిగింది.

"లేదమ్మా. ఎప్పుడు తెచ్చినా ఇంతే. మీ తప్పేం లేదు" అంది సిస్టరు.

రచయిత తలెత్తాడు. "అది నిజమేనా మేడమ్?"

"ఎందుకవుతుంది? అరగంట ముందొస్తే చాలామంది దక్కుతారు. కానీ ఆవిడ ఇంటికెళ్లి బతకాలి కదా."

ఆయన రెండు మాటలూ రాసుకున్నాడు.

స్క్రిప్టు వచ్చాక సిస్టరు ఆ సీనులోంచి కుట్టు మిషన్ తీసేయమంది. మరేదైనా పని పెట్టమంది. "తీసేస్తే మామూలైపోతుంది మేడమ్. పేరు లేదు, ఊరు లేదు, ఎవరు పోల్చుకుంటారు?" అన్నాడాయన. ఆమె ఇంకా గట్టిగా చెప్పాల్సింది. చెప్పలేదు. నిజానికి ఆ సీను ఆమెకూ నచ్చింది. అందులో నర్సు భార్యను ఓదార్చి, పక్క గదిలోకి వెళ్లి చేతులు కడుక్కుంటూ, "పావుగంట ముందొచ్చినా దక్కేవాడు" అంటుంది. సిస్టరే ఎర్ర ఇంకుతో 'పావుగంట' కొట్టేసి 'అరగంట' అని దిద్దింది.

ఎపిసోడ్‌ను అందరూ మెచ్చుకున్నారు. ఇంత నిజంగా ఎప్పుడూ చూడలేదన్నారు. నాలుగో రోజు పొద్దున టైలరమ్మ వార్డు గుమ్మంలో నిలబడి ఉంది.

"గుర్తున్నానా సిస్టరమ్మా?"

"రండమ్మా, కూర్చోండి."

ఆవిడ కూర్చోలేదు. "మా అమ్మాయీ నేనూ కలిసి చూశాం. సగంలో నా వైపు చూసింది. ఆ తర్వాత చూడలేదు." మళ్లీ తనే అంది. "మీరు ఎవరికో చెప్పారని కాదమ్మా నా బాధ. అదీ ఉందనుకోండి. కానీ ఆ రోజు నాకు చెప్పింది నిజమా, టీవీలో చెప్పించింది నిజమా?"

సిస్టరు దగ్గరకొచ్చింది. "ఎవరికీ తెలియదమ్మా. కొందరు దక్కుతారు, కొందరు దక్కరు. మీ ఆయన విషయంలో ఖాయంగా ఎవరూ చెప్పలేరు."

ఆ ఒక్క జవాబే నిజం. మొదటి రోజే చెప్పాల్సిన జవాబు.

"ఇది మూడో మాట" అంది టైలరమ్మ. "దేన్ని నమ్మమంటారు?"

సమాధానం కోసం ఆగకుండా మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే సిస్టరు రచయితను కలిసి, ఆ భాగం ఇంకెప్పుడూ వేయొద్దని బతిమాలింది. ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. తన చేతుల్లో లేదన్నాడు. ఆదివారం దాన్నే మళ్లీ వేశారు. ఆమె సెట్టుకు వెళ్లడం మానేసింది. అందువల్ల టైలరమ్మకు ఒరిగిందేమీ లేదని ఆమెకూ తెలుసు.

నెల తర్వాత ధైర్యం కూడదీసుకుని వాళ్లింటికి వెళ్లింది. కూతురు తలుపు సగమే తీసింది.

"అమ్మకి మిమ్మల్ని చూడాలని లేదండీ."

"క్షమించమని అడుగుదామని వచ్చాను."

"నాకే చెప్పుకోలేనిది మీకు చెప్పుకుంది" అంది కూతురు. గొంతులో కోపం కంటే అలసటే ఎక్కువ. "ఎప్పటికైనా తనంతట తనే నాకు చెప్పేదేమో. నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. ఇప్పుడు ఇద్దరం ఆ మాట ఎత్తకుండా అన్నం తింటున్నాం."

సిస్టరు అక్కడే క్షమించమని అడిగింది. కూతురు తలూపింది గాని, లోపలికి రమ్మనలేదు.