జాగ్రత్తగా టైప్ చేయండి

ఆసుపత్రిలో చూపించుకోడానికి అత్తయ్య పొద్దుటినుంచి ఫోన్‌తో కుస్తీ పడుతోంది. చేతులు వణికే జబ్బుకు పేరున్న ఆసుపత్రి అది. వచ్చే వారం అపాయింట్‌మెంట్లు పదింటికి తెరుస్తారు, తెరిచిన కాసేపటికే అయిపోతాయి. ఈలోగా ఖాతా తెరవాలి, దానికో పాస్‌వర్డ్ పెట్టుకోవాలి. అక్కడే బండి ఆగిపోయింది.

"ఇలా ఇవ్వండత్తయ్యా, నేను కొడతాను," అంది కోడలు టీ తాగుతూ.

"నీకు చెప్తే ఇంక రహస్యమేముంది? ఉండు."

వేలు ఒకసారి తాకబోయి రెండుసార్లు తాకింది. అక్షరాలన్నీ చుక్కల వెనక దాక్కున్నాయి గనుక ఆవిడకా సంగతి తెలియదు. కింద ఎర్రగా పడింది: జాగ్రత్తగా టైప్ చేయండి.

"జాగ్రత్తగానే కొట్టాను గదా! ఇది రాసినవాడెవడో గానీ, వాడి చేతులు పడిపోను!" అని వెంటనే నాలిక కరుచుకుంది. "వద్దులే పాపం. ఈ బాధ పగవాడికి కూడా వద్దు."

కోడలికి పొలమారింది. ఆ వాక్యం రాసింది తనే. ఆ ఫారం తన ఆఫీసులోనే తయారైంది. కొట్టిన పాస్‌వర్డ్ పనికొస్తుందో లేదో సరిచూసే ఒక్క లైను రెజెక్స్ కూడా తన తెలివే. ఒకే అక్షరం పక్కపక్కన రెండుసార్లు పడితే అది ఒప్పుకోదు. టీమ్ లీడర్ భుజం తట్టి మెచ్చుకున్నాడు కూడా. పరీక్షించినవాళ్ళలో ఒక్కరికీ చెయ్యి వణకదు మరి! వణికేవాళ్ళ కోసం పెట్టిన గుమ్మంలో వణక్కూడదని బోర్డు కట్టిందన్నమాట. సిగ్గుతో చచ్చిపోయింది.

పక్క గదిలోకి వెళ్ళి, లాప్‌టాప్ తెరిచి లీడర్‌కి ఫోన్ చేసింది. "ఆ జంట అక్షరాల రూలు తీసేస్తున్నానండీ. పాస్‌వర్డ్ పొడుగ్గా ఉంటే చాలు. కొట్టింది కనబడేలా కన్ను బొమ్మ కూడా పెడుతున్నాను."

"సెక్యూరిటీ వాళ్ళేమంటారో?"

"వాళ్ళనోసారి మా అత్తయ్య దగ్గరికి పంపండి."

ఆయన నవ్వి సరేనన్నాడు.

పదికి ఇంకా కాస్త టైముండగానే మార్చిన ఫారం ఫోన్‌లోకి వచ్చింది, కోడలు చూపించగానే అత్తయ్య కన్ను బొమ్మ నొక్కింది. జంటగా పడ్డ అక్షరం కనబడగానే "ఓసి నీ!" అని ఒకదాన్ని చెరిపింది. "నువ్వటు తిరుగు, చూడకు."

కోడలు గోడవైపు తిరిగి నిలబడింది. చాలాసేపే పట్టింది.

"దొరికిందే! గురువారం!"

కోడలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అత్తయ్యా, ఆ రూలు రాసింది నేనే."

అత్తయ్య ఆమె వంక ఎగాదిగా చూసింది. "ముందే చెప్పొద్దూ? ఎవడో పాపం అని నోరు కట్టేసుకున్నాను. నువ్వని తెలిస్తే ఇంకో నాలుగు తిట్టేదాన్ని."

నవ్వుతూనే, వణికే చేత్తో కోడలి చెంప తుడిచింది.

"ఆ ఎర్ర ముక్క కూడా తీసెయ్యమ్మా. మాకు తక్కువైంది జాగ్రత్త కాదు."