సెన్సర్ చెప్పిన నిజం

మిషన్లు బాగుచేసే మేస్త్రీ తిహోమిర్ కాఫీ తాగందే స్క్రూడ్రైవర్ ముట్టడు. పాంచెవో ఊళ్ళో ఏ మేస్త్రీ అయినా అంతే. అందుకని రదోయ్క, ఎంత తొందరగా ఉన్నా సరే, పొయ్యి మీద కాఫీ గిన్నె పెట్టి, నురుగు పొంగేదాకా కాచి, కప్పు నింపి అతని ముందు పెట్టింది. మహానుభావుడు చప్పరించి చప్పరించి తాగాడు.

ఊళ్ళోని పిల్లల బడిలో పదిహేడేళ్ళుగా బట్టలుతికేది రదోయ్కే. మధ్యాహ్నం అరవైమంది పిల్లలు నిద్రపోతారు, అరవైమందికీ దుప్పట్లు ఉతకాలి. ఆమె పింఛనుకు ఇంకా రెండేళ్ళుంది. సరిగ్గా ఇప్పుడే ఆ దిక్కుమాలిన ఆరబెట్టే మిషన్ పది నిమిషాలు తిరిగి ఆగిపోవడం మొదలుపెట్టింది. దుప్పట్లన్నీ తడితడిగానే మిగులుతున్నాయి. బట్టల పని బయటి లాండ్రీకి అప్పగిస్తూ డైరెక్టర్ ల్యుబింక ఉత్తరం కూడా తయారుచేసి పెట్టుకుంది. ఇవాళ మిషన్ బాగుపడకపోతే ఉత్తరం లాండ్రీకి, రదోయ్క ఇంటికి.

"వేడి కనిపెట్టే సెన్సర్ పోయిందంటున్నారు అందరూ," అంది రదోయ్క.

"అందరూ అంటే?"

"వంటమనిషి. వాళ్ళ మరిదికి ఇవన్నీ తెలుసట."

"మరి ఆ మరిదినే పిలవకపోయావా? కాఫీ వాడికే పోసేదానివి," అంటూ తిహోమిర్ లేచాడు.

మిషన్ ప్లగ్గు పీకి, వెనక రేకు విప్పాడు. చిక్కుడు గింజంత సెన్సర్‌ని తీగల నుంచి ఊడదీసి బల్ల మీద పెట్టాడు. మల్టీమీటర్ చక్రం నిరోధం కొలిచే ఓముల దగ్గరికి తిప్పి, రెండు ముళ్ళూ దాని కాళ్ళకు ఆనించాడు. సాయంగా పట్టుకుందామని రదోయ్క చెయ్యి చాపింది.

"ఆగు వదినా! ఆ తడిచేతులతో ముట్టుకున్నావంటే ఈ మీటర్ సెన్సర్‌ని వదిలేసి నిన్ను కొలుస్తుంది."

అప్పుడే ల్యుబింక ఫైలు చంకన పెట్టుకుని లోపలికొచ్చింది.

"తలుపు, తలుపు!" అన్నారు ఇద్దరూ ఒక్క గొంతుతో. ఆమె కూడా గబుక్కున మూసేసింది. రెండు సందుల మధ్య దూరే గాలికి భయపడటంలో ఆ ఊళ్ళో డైరెక్టరైనా ఒకటే, చాకలైనా ఒకటే. మెడ పట్టేసినా, పన్ను సలిపినా, నడుం విరిగినా నేరం ఆ గాలిదే.

"పన్నెండు వేల ఓములు," అన్నాడు తిహోమిర్ అంకె చూసి. "చల్లగా ఉన్నప్పుడు అంతే ఉండాలి." తర్వాత గింజను కాసేపు గుప్పిట్లో పెట్టుకున్నాడు. పదకొండు, పది, తొమ్మిది. దాన్నే ఇంకా వేడిగా ఉన్న కాఫీ గిన్నెకు ఆనించాడు. అంకె చకచకా మూడు వేలకు దిగింది. "వేడెక్కేకొద్దీ దిగాలి, దిగుతోంది. సెన్సర్ రాయిలా ఉంది."

రదోయ్క ప్రాణం ఉసూరుమంది. పాడైపోయి ఉండాలని పొద్దున్నుంచీ మొక్కుకుంటోంది పాపం. పాడైతే కొత్తది వేస్తారు, గొడవ వదిలిపోతుంది.

"అయితే మిషనే పోయిందన్నమాట," అంటూ ల్యుబింక ఫైలు తెరిచింది.

"తొందరపడకండి మేడమ్. లోపల నిజంగానే కాగిపోతోంది, అందుకే ఇది ఆపేస్తోంది. వేడిగాలి బయటికెళ్ళే దారి ఎక్కడో మూసుకుంది. గొట్టం ఎటు పోతుంది?"

రదోయ్కకు అప్పుడు గుర్తొచ్చింది. పోయిన నెల కోషావా అనే చలిగాలి రోజుల తరబడి వీచింది. మిషన్ ఆగగానే ఆ గాలి గొట్టంలోంచి తిరిగొచ్చి, వంగి బట్టలు తీస్తుంటే మెడ మీద కొట్టేది. ఓరోజు విసుగెత్తి పెరట్లోకెళ్ళి గొట్టం కన్నంలో తన గోధుమరంగు శాలువా కుక్కేసింది. రేపు తీద్దాంలే అనుకుని మర్చేపోయింది. అప్పట్నుంచీ దుప్పట్లు ఆలస్యంగా ఆరుతుంటే మిషన్ ముసలిదైందనుకుంది.

పిచ్చుక గూడు కట్టిందేమో అనేద్దామా? నాలుక చివరిదాకా వచ్చింది. బల్ల మీద చిక్కుడు గింజంత సెన్సర్ కనిపించింది. అందరూ దాన్నే తిట్టారు, నిజం చెప్పింది మాత్రం అదొక్కటే. ఆమెకు సిగ్గేసింది.

"నేనే మూశాను," అంది. "నా శాలువాతో. గాలి కొడుతోందని. తప్పు నాదే డైరెక్టర్ గారూ, మిషన్‌నేమీ అనకండి."

ల్యుబింక ముఖం ఎర్రబడింది. ఇక నా పని అయిపోయింది అనుకుంది రదోయ్క.

ముగ్గురూ పెరట్లోకి వెళ్ళారు. తిహోమిర్ కన్నంలో చెయ్యి పెట్టి గుంజాడు. ఆకుపచ్చ మఫ్లరొకటి బయటికొచ్చింది.

"ఇది నాది కాదే!" అంది రదోయ్క.

తిహోమిర్ మళ్ళీ చెయ్యి పెట్టి, ఈసారి ఇంకా లోపల్నుంచి గోధుమరంగు శాలువా లాగాడు.

ల్యుబింక చెయ్యి చాపి ఆ మఫ్లర్ అందుకుంది. "నా గది నీ గదికి ఎదురేగా. ఈ గొట్టం గాలి తలుపు కింద నుంచి నా కాళ్ళకు ఒకటే కొట్టడం. పోయిన సోమవారం నా మఫ్లర్ కుక్కాను... లోపల ఇంకోటుందని నాకేం తెలుసు?"

మిషన్ పూర్తిగా మొరాయించింది కూడా ఆ సోమవారం నుంచే.

"భేష్! ఇద్దరూ కలిసి దాని ముక్కూ నోరూ మూసేశారు. నేరం మాత్రం ఆ గింజ మీద!" అన్నాడు తిహోమిర్.

రదోయ్కకు నవ్వాగలేదు. నవ్వుతోంటే కళ్ళ నీళ్ళు కూడా వచ్చాయి. ల్యుబింక కూడా ముందు మూతి బిగించి చూసింది కానీ కాసేపటికి పక్కున నవ్వేసింది.

సెన్సర్‌ని మళ్ళీ బిగించాక మిషన్ అరగంట ఆగకుండా తిరిగింది. మొదటి దుప్పటి వేడివేడిగా బయటికొచ్చింది. రదోయ్క దాన్ని మడత పెడుతుంటే కిటికీ చట్రం సందులోంచి సన్నగా గాలి ఈల వేసింది. ల్యుబింక చూసింది. ఫైల్లోంచి లాండ్రీ ఉత్తరం తీసి, నాలుగు మడతలు పెట్టి, ఆ సందులో గట్టిగా కుక్కింది.

"ఇక్కడ నిలబడతావు రోజంతా," అంది. "మెడ పట్టేస్తుంది."