ఎవరికీ కనపడదండీ

"ఆ బట్టలు మడతపెట్టడం అయ్యాక మెయిల్స్ కాస్త చూడు," అని చెప్పి భర్త చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. అతను ఏ పని చెప్పినా అందులో 'కాస్త' ఉంటుంది. పాపని కాస్త పట్టుకో, అమ్మకి కాస్త మందులివ్వు, ఫోన్ మోగితే కాస్త ఎత్తు. ఆ కాస్తలన్నీ కలిపితే పొద్దు పొడిచిన దగ్గర్నుంచి గుంకేదాకా సరిపోతుందని అతనికెప్పుడూ తట్టలేదు.

మంచం మీద ఒక పక్క ఉతికిన బట్టల గుట్ట, ఇంకో పక్క ల్యాప్‌టాప్. ఆమె పాప గౌను మడతపెట్టి ఒక మెయిల్, తువ్వాలు మడతపెట్టి ఇంకో మెయిల్ చూస్తోంది. పాత సామాన్లు వేలం వేసే వెబ్‌సైట్ అది. భర్తది. చవగ్గా దొరికిన రెడీమేడ్ ప్రోగ్రాం ఒకటి కొని, తనకి కావలసినట్టు మార్పులు చేసుకుని, ముందుగదిలో టేబుల్ వేసుకుని మొదలుపెట్టాడు. అమ్మేవాళ్లు వస్తువు ఫోటో, తమ గుర్తింపు కార్డు ఎక్కిస్తారు. కొనేవాళ్లు ఇంట్లో కూర్చునే పాట పెంచుకుంటూ పోతారు.

ఒకప్పుడు వాళ్లిద్దరూ ఒకే ఆఫీసులో పక్కపక్క సీట్లలో ప్రోగ్రాంలు రాసేవాళ్లు. పాప పుట్టాక "కొన్నాళ్లు ఆగు, మళ్లీ వెళ్దువుగాని" అన్నాడు. ఆ కొన్నాళ్లు ఇంకా అయిపోలేదు. ఈలోగా అతను ఉద్యోగం వదిలేసి ఈ వ్యాపారంలోకి దిగాడు. దాన్ని అందరూ ధైర్యం అన్నారు. ఆమె వదిలేసినదాన్ని ఎవరూ ఏమీ అనలేదు. ఇంటికొచ్చినవాళ్లతో అత్తగారు చెప్పేది ఒకటే: "మా కోడలు ఖాళీగానే ఉంటుంది కదా, వాడికి చేతనైనంత సాయం చేస్తుంది."

ఆ సాయం పుణ్యమా అని అమ్మేవాళ్లందరూ ఆమెకి వాళ్ల వస్తువులతోనే గుర్తు. గోడగడియారం పెద్దాయన, కుట్టుమిషనావిడ, ఉయ్యాలబల్ల అన్నదమ్ములు. ఆ పూట మెయిల్ పెట్టింది గోడగడియారం పెద్దాయన. "అమ్మా, నా గడియారం ఫోటో మీద నొక్కితే ఎవరో మీసాలాయన గుర్తింపు కార్డు వస్తోంది. నా గడియారానికి మీసాల్లేవు."

ఆమె నవ్వుకుంటూ ఆ పేజీ తెరిచింది. నిజమే, మీసాలాయన. రెండు ఫైళ్ల పేర్లు ఎక్కడో తారుమారయ్యాయి. సరిచేయడం చిన్న పని. కానీ ఆమె చూపు పైన లింకు దగ్గర ఆగిపోయింది. లింకు చివర ఆ ఫైలు పేరు బాహాటంగా రాసి ఉంది. అంటే పేరు పెట్టి ఏ ఫైలు అడిగితే ఆ ఫైలు తెచ్చి చేతిలో పెడుతుందా? ఆమె ఒడిలో చొక్కా పక్కన పడేసి, ఆ పేరులో ఒక అంకె మార్చింది.

ఇంకొకరి కార్డు వచ్చింది. ముఖం, పుట్టినరోజు, ఇంటి అడ్రసు, అన్నీ. నువ్వెవరని సైట్ అడగలేదు. ఆమె అసలు లాగిన్ కూడా కాలేదు. ఇంకో అంకె, ఇంకో కార్డు. ఆఖరికి, ఒకప్పుడు ఆఫీసులో చేసినట్టే, పేరు ముందు రెండు చుక్కలూ ఒక గీతా పెట్టి, పై ఫోల్డర్లో ఉండే సెట్టింగుల ఫైలుని అడిగింది. అదీ వచ్చింది. మొత్తం సైట్ పాస్‌వర్డ్ పెద్దపెద్ద అక్షరాలతో స్క్రీన్ మీద. ఆ ఫోటోల పేజీ కొన్న ప్రోగ్రాంలోది కాదు, భర్త సొంతంగా రాసి చేర్చింది. "చూశావా, ఒక్క పూటలో రాసేశాను," అని అప్పుడు చూపించాడు కూడా. ఆ పూట ఆమె పాపకి జ్వరమని తడిగుడ్డ వేస్తూ, బాగుందని తలూపింది.

అప్పుడు గుర్తొచ్చింది కుట్టుమిషనావిడ.

ఆవిడ వస్తువు పెట్టేముందు ఫోన్ చేసింది. గొంతు తగ్గించి మాట్లాడే మనిషి. "కార్డులో నా కొత్త ఇంటి అడ్రసు ఉంది, అది ఎవరికీ కనపడదు కదండీ? మా ఆయన్ని వదిలేసి కూతురితో వచ్చేశాను. ఎక్కడున్నానో ఆయనకి తెలీకూడదు. ఆ మిషన్ ఫోటో చూస్తే గుర్తుపడతాడేమో, అదొక్కటే భయం." ఆమె పాప నోట్లో ముద్ద పెడుతూ, ఫోన్ని భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి, "ఎవరికీ కనపడదండీ. నాది పూచీ," అంది. ఎంత తేలిగ్గా అనేసింది.

భర్తకి ఫోన్ చేసింది. అతను మూతబడ్డ సినిమాహాల్లో ఉన్నాడు. అక్కడి కుర్చీలు, ప్రొజెక్టర్లు, టికెట్ల కౌంటర్ దగ్గర్నుంచి అన్నీ ఆ రోజే వేలం. సైట్ పెట్టాక అంత పెద్ద వేలం అదే మొదలు. సాయంత్రానికి పాట ముగుస్తుంది.

"ఏంటి, తొందరగా చెప్పు."

చెప్పింది. అతను కాసేపు విని, "అలా లింకులో అంకెలు మార్చుకుంటూ ఎవరు కూర్చుంటారు?" అన్నాడు.

"నేను కూర్చున్నాను కదా."

"నీకు పనిలేక చూశావు. జనాలకి అంత తీరిక లేదు. రేపు చూస్తాలే."

"రేపటిదాకా ఆగేది కాదు. సైట్ ఇప్పుడే ఆపెయ్యాలి."

"ఇవాళా?" అతను గొంతు తగ్గించాడు. పక్కన ఎవరో ఉన్నట్టున్నారు. "ఇంతమంది పాట పాడుతుంటే మధ్యలో ఆపేస్తే రేపు నా ముఖం ఎవరు చూస్తారు? నువ్వు కంగారుపడకు. నీది కాని పనిలో తలదూర్చకు. మెయిల్స్ చూడు, చాలు."

ఫోన్ పెట్టేశాడు. కంగారు అనే మాట ఈ ఇంట్లో తన ఒక్కదానికే రాసిచ్చినట్టుంటుంది. పాప ఊపిరి వేరేగా ఉందంటే కంగారు. గ్యాస్ వాసన వస్తోందంటే కంగారు. రెండుసార్లూ ఆమె చెప్పిందే నిజమైంది, అయినా నిజమైనంత మాత్రాన అది కంగారు కాకుండా పోలేదు. ఒకవేళ నిజంగానే కంగారేమో. ఇన్నేళ్లు పనికి దూరంగా ఉండి, చిన్నదాన్ని పెద్దది చేసి చూస్తోందేమో. లేచి వంటింట్లోకి వెళ్లింది, ఎందుకొచ్చిందో గుర్తురాక మళ్లీ వెనక్కొచ్చింది.

సైట్‌కి ఎవరొచ్చారో, ఏ ఫైలు తీసుకున్నారో సర్వర్ తనంతట తను రాసుకుంటుంది. ఇందాకటి చుక్కల దారిలోనే అడిగి అదీ తెరిచింది. పొద్దున్నే ఎవరో వచ్చారు. ఒకే చోటి నుంచి వచ్చి, ఒక్కో అంకె మార్చుకుంటూ, వరసగా కార్డులన్నీ చూసుకుంటూ వెళ్లారు. ఆ వరసలో కుట్టుమిషనావిడ కార్డు దగ్గర ఆగిపోయారు. ఆ తర్వాత ఇంకేమీ అడగలేదు.

అది ఎవరో పనిలేనివాడు కావచ్చు. విసుగు పుట్టి అక్కడ ఆపేసి ఉండొచ్చు. కావచ్చు, కావచ్చు అనుకుంటూ మళ్లీ మళ్లీ అదే చూసింది. పక్కగదిలో పాప బొమ్మలతో ఏదో గొణుక్కుంటోంది. అత్తగారు ఎవరితోనో ఫోన్లో నవ్వుతున్నారు. ఇల్లంతా మామూలుగానే ఉంది. ఆ మామూలుతనం చూస్తే ఆమెకి ఇంకా భయమేసింది.

సర్వర్ పాస్‌వర్డ్ భర్త చెప్పలేదు. చెప్పాల్సిన పనిలేదు, ఇందాక సైటే చెప్పింది. దాంతోనే లోపలికెళ్లి సైట్ ఆపేసింది. సినిమాహాలు కుర్చీలకి పాట పాడుతున్నవాళ్లందరి ముందూ ఒకే ఒక్క వాక్యం నిలబడింది: మీ వివరాలు భద్రంగా లేవు కాబట్టి ఆపాం. తర్వాత పాస్‌వర్డ్ మార్చేసి, కుట్టుమిషనావిడకి ఫోన్ చేసింది.

"చెప్పండి. ఎవరైనా పాట పెంచారా?" ఆవిడ గొంతులో ఆశ.

"అది కాదండీ." అంది. "మీ ఇంటి అడ్రసు ఎవరికీ కనపడదని చెప్పాను కదా. ఇవాళ చూస్తే కనపడుతోంది. ఇప్పుడు ఆపేశాను. కానీ పొద్దున ఎవరో చూశారు. ఎవరో తెలీదు. మీ ఆయన కావచ్చు, కాకపోవచ్చు."

అవతల కుళాయి కారుతున్న చప్పుడు. ఎవరో దాన్ని కట్టేశారు.

"పొద్దున అంటే ఎప్పుడు?"

చెప్పింది.

"సరే. పిల్లని తీసుకుని బయల్దేరతాను." ఫోన్ పెట్టబోయి ఆగింది ఆవిడ. "మీరు దాచినా నాకు తెలిసేది కాదు కదండీ."

"పూచీ ఇచ్చింది నేను కదా."

ఫోన్ పెట్టి తల తిప్పితే గుమ్మంలో అత్తగారు. ఎప్పుడొచ్చారో. "ఎవరమ్మాయ్ ఆవిడ?"

"మొగుణ్ణి వదిలేసి వచ్చేసిన ఆవిడ అత్తయ్యా. అతను వెతుక్కుంటూ వస్తాడని భయం."

ఇప్పుడేదో మాట పడుతుందని ఆమె ఎదురుచూసింది. సర్దుకుపోవాలని, ఆడది ఇల్లు దాటకూడదని. అత్తగారు ఆ మాటలేవీ అనలేదు. "పిల్లలున్నారా?" అని మాత్రం అడిగారు.

"ఒక అమ్మాయి."

అత్తగారు మంచం దగ్గరికొచ్చి, సగం మడతపెట్టి వదిలేసిన దుప్పటి తీసుకుని మడతపెట్టడం మొదలుపెట్టారు.

సాయంత్రం భర్త వచ్చాడు. అరవలేదు. అతను అరిచే మనిషి కాదు. "ఎవర్నడిగి ఆపావు?"

"నిన్నే అడిగాను. వద్దన్నావు."

"వద్దన్నాక ఆపావా?"

"అవును."

సినిమాహాలు ఓనరు తనని ఎన్నెన్ని మాటలన్నాడో చెప్పాడు. పాస్‌వర్డ్ ఇవ్వమన్నాడు. బాగుచేశాక ఇస్తానంది. ఆ తర్వాత ఇద్దరి మధ్యా మాటల్లేవు. మంచినీళ్లు కావాలన్నా పాపతో చెప్పించేవాడు. పాత ఆఫీసు స్నేహితుణ్ణి పిలిచి చూపించుకున్నాడు. ఆ స్నేహితుడు చూసి, "మీ ఆవిడ చెప్పింది కరెక్టేరా, అదృష్టం బాగుండి బయటపడ్డావు," అన్నాడు. అప్పుడు భర్త తలూపాడు. ఆమె చెప్పినప్పుడు కంగారు అనిపించుకున్న మాట, ఇంకొకరి నోట్లోంచి వచ్చేసరికి సలహా అయింది. ఆమె టీ కప్పులు తీసుకుని లోపలికెళ్లింది.

పాప నిద్రపోయే మధ్యాహ్నాలు కూర్చుని తనే బాగుచేసింది. ఫైలుని పేరు పెట్టి అడిగే దారే మూసేసింది. కార్డులన్నీ బయటి లింకులకి అందని చోటికి మార్చింది. ఎవరేది అడిగినా, అడుగుతున్నదెవరో ముందు తేల్చుకునేలా రాసింది. ఎన్నాళ్లకో ప్రోగ్రాం రాస్తుంటే మొదట వేళ్లు మొండికేశాయి, తర్వాత దారిలో పడ్డాయి. కార్డులు బయటపడ్డవాళ్లందరికీ జరిగింది చెప్పేసింది. కొందరు తిట్టారు. గోడగడియారం పెద్దాయన "మీసాలాయనకి కూడా చెప్పారా?" అని కనుక్కున్నాడు.

ఫోన్ మోగినప్పుడల్లా మాత్రం చేతిలో పని వదిలి పరిగెత్తేది. కుట్టుమిషనావిడ నంబరు పనిచేయడం లేదు. ఆఖరికి ఒక పొద్దున కొత్త నంబరు నుంచి ఫోనొచ్చింది.

"నేనండీ. బానే ఉన్నాం." అదే తగ్గు గొంతు. "పాత ఇంటి పక్కావిడ చెప్పింది. మేం వచ్చేసిన మర్నాడు ఆయన వచ్చాడట. తలుపు కొట్టి కొట్టి, మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాడట. చేతిలో మా అమ్మాయికి బొమ్మ కూడా ఉందట. అడ్రసు మీ దగ్గర దొరికిందో, ఇంకెక్కడైనా దొరికిందో నాకు తెలీదు. మీరు చెప్పారు, మేం లేం. అంతే."

ఆ మాట ఆమె ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఫోన్ పెట్టి, వచ్చి పాపకి తల దువ్వింది.

సైట్ మళ్లీ తెరిచారు. సినిమాహాలు సామాను అనుకున్నదానికంటే బాగా అమ్ముడుపోయింది. ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర భర్త హుషారుగా ఉన్నాడు. ముద్ద కలుపుకుంటూ అన్నాడు, "చివరికి ఏమీ కాలేదు, చూశావా అమ్మా. అనవసరంగా ఇల్లంతా తలకిందులు చేసింది."

ఏమీ కాలేదు. ఆమె వడ్డిస్తున్న గరిటె గిన్నెలో పెట్టేసింది. ఈ ఇంట్లో ఇన్నేళ్లుగా కానివన్నీ ఒక్కసారిగా కళ్లముందుకొచ్చాయి. పాప మెట్ల మీంచి పడలేదు. అత్తగారి మందులు ఒక్క పూట కూడా తప్పలేదు. అతను వేసుకునే చొక్కా ఏనాడూ నలిగి లేదు. మెట్ల మీద కూర్చున్న ఆ మనిషికి తలుపెవరూ తియ్యలేదు. కానివి ఎవరి కంటికీ కనపడవు. అవి కాకుండా ఆపిన మనిషి కూడా.

"అయింది," అంది ఆమె. "కుట్టుమిషనావిడ మొగుడు ఆ ఇంటికి వెళ్లాడు. ఆవిడ అప్పటికే లేదు కాబట్టి సరిపోయింది."

భర్త చెయ్యి కంచంలో ఆగింది. "నాకెందుకు చెప్పలేదు?"

"ఇప్పుడు చెప్తున్నాను. ఇంకోటి కూడా చెప్పాలి. రేపట్నుంచి మెయిల్స్ నువ్వు చూసుకో. సర్వర్ నేను చూస్తాను. పాపని ఎవరు ఎప్పుడు చూడాలో ఇద్దరం కూర్చుని అనుకుందాం."

అతను తేలికచేయాలని చూశాడు. "ఇంకేం, రేపు జీతం కూడా అడుగుతావు," అని నవ్వాడు.

"అడుగుతున్నాను," అంది.

అతను ఇంకా నవ్వుతూనే తల్లి వైపు తిరిగాడు. అత్తగారు నవ్వలేదు. ఆమెతో పాటు ఆవిడ కూడా జవాబు కోసం కొడుకు ముఖం చూస్తూ కూర్చున్నారు.